ఎక్కినచోటే దింపే బండి

పన్నుల కోర్టు క్వార్టర్స్, మేడమీద వాటా
జూన్, ఆదివారం

బుడ్డీ,

ఇకనుంచి మనిద్దరికీ ఉత్తరాలే గతి. ఫోన్ వద్దు. మొన్న "తిన్నావా వదినా" దగ్గర మొదలుపెట్టి, మీ అన్నయ్య షాపు సంగతి వచ్చేసరికి ఇద్దరం గొంతులు చించుకుంటున్నాం. ఏ దొంగో పడ్డాడేమోనని పక్కవాటా జడ్జిగారు తలుపు తీసి తొంగిచూశాడు. కాగితం మీదైతే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు అడ్డం రాలేవు. నీతో పడలేక ఈ దారి పట్టాను.

ఇక్కడ ఎలా ఉందని అడిగావుగా, విను. ఒక సీనియర్ వెనకాల ఫైళ్ళు మోసి, పన్నుల శాఖ తరఫు లాయరుగా సగం జీవితం నిలబడే గడిపి, జడ్జి ఇంటర్వ్యూ రెండుసార్లు తన్నేసి, మూడోసారి ఎలాగో గట్టెక్కి వచ్చానా, వచ్చినదానికి ఇచ్చిన కుర్చీ కిందికి దిగిపోతుంది. కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది. వాదనలు మొదలయ్యాక నెమ్మదిగా దిగడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నానికి లాయర్లకి నా నుదురు తప్ప ఇంకేం కనపడదు. మార్చమంటే "స్టోర్స్‌కి రాశాం మేడమ్" అంటాడు అటెండరు. గేటు దగ్గర వాచ్‌మనేమో రోజూ "ఎవరిని కలవాలమ్మా?" అంటాడు. ఏం చెప్పను వాడికి, నన్నే కలవాలి అని చెప్పనా?

ఇక అసలు విషయం. ఈ ఉద్యోగం ఏడాదిపాటు తాత్కాలికం. ఏడాది నిండాక జడ్జీల నియామకాలు చూసే కౌన్సిల్ వాళ్ళు కూర్చుని నన్ను ఉంచుకోవాలా, సాగనంపాలా తేలుస్తారు. సాగనంపితే నేను రెంటికీ చెడతాను. శాఖలో రాజీనామా ఇచ్చి వచ్చాను, వాళ్ళు మళ్ళీ తీసుకోరు. ఈ వయసులో కోటు తగిలించుకుని వరండాల్లో క్లయింట్ల కోసం కాసుకుని కూర్చోలేను. అందుకని మీ అన్నయ్యతో గట్టిగా చెప్పు, నా సంగతి తేలేదాకా కళ్ళజోళ్ళ షాపు ఎవరికీ అప్పగించొద్దని. నేను చెప్తే "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" అంటే సరేనా, కాదా, పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. మీ ఇంట్లో అందరూ ఇంతేనా?

వదిన

*

డ్రైవింగ్ స్కూలు, కారులోనే
జూన్ ఆఖరు

వదినా,

స్టీరింగ్ మీద కాగితం పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే నన్ననకు. పాఠానికి రావలసిన బ్యాంకు మేనేజరు ఇంకా రాలేదు. నిన్న క్లచ్ తొక్కవయ్యా అంటే కళ్ళు మూసుకుని బ్రేకూ ఆక్సిలేటరూ రెండూ కలిపి తొక్కాడు. గోడ పగల్లేదు గానీ నా గుండె ఆగినంత పనైంది. సిగ్గుపడి మానేశాడేమో. మానేస్తే మంచిదే, ఊళ్ళో జనం బతుకుతారు.

ఇంకో మాట. నాకిప్పుడు మోకాళ్ళ నొప్పులు, జుట్టుకి రంగు. ఇంకా బుడ్డీ ఏమిటి? పోస్ట్‌మన్ నవ్వుతున్నాడు.

అమ్మ వీధి వీధంతా చాటింపు వేసేసింది, కోడలు జడ్జి అయిందని. మొన్న నన్ను వంటింట్లోకి పిలిచి, మెల్లగా, "ఎవరికైనా ఉరిశిక్ష వేసిందా?" అని అడిగింది. పన్నుల కోర్టులో ఉరి ఉండదే అమ్మా అన్నాను. ముఖం మాడ్చుకుంది. "మరి అంత చదువూ చదివి అక్కడ కూర్చుని ఏం చేస్తుందే?" అంది. నిజం చెప్పు వదినా, ఏం చేస్తావు?

ఇప్పుడు అసలు కబురు. కూర్చునే చదువు. అన్నయ్య షాపు అప్పగించేశాడు. తీసుకునే కొత్తాయనతో కాగితాలు రాసుకోవడం కూడా అయిపోయింది. నువ్వు "వద్దు" అన్నప్పుడు ఆ "ఊఁ" అంటే "అయిపోయింది" అని అర్థమన్నమాట! నేను నెత్తీనోరూ బాదుకున్నాను. "ఎప్పుడో ఒకప్పుడు చెయ్యాల్సిందేగా, అది అక్కడ ఒక్కతే ఉంది" అన్నాడు. కొత్తాయనకి పని చేతిలో పడేదాకా, అంటే నీ ఏడాది అయ్యేదాకా, పక్కనే ఉంటానని మాటిచ్చాడట. ఆ తర్వాత పెట్టె సర్దుకుని నీ దగ్గరికే. ఇప్పుడు నీ ఉద్యోగం పోయిందనుకో, మొగుడూ పెళ్ళాలిద్దరూ నా కారు వెనకసీట్లో కూర్చోవాల్సిందే. జాగ్రత్తగా ఉండు. నోరు అదుపులో పెట్టుకో. నేను చెప్పానని అన్నయ్యకి తెలియనివ్వకు.

నీ ఆడపడుచు (బుడ్డి కాదు)

*

టూరు. ప్రభుత్వ అతిథిగృహం, కిటికీ తలుపు పడని గది
ఆగస్టు

బుడ్డీ,

మీ అన్నయ్య చేసిన నిర్వాకం నాకు తెలియనట్టే నటిస్తున్నాను. నిన్న ఫోన్లో "షాపెలా ఉంది?" అని అడిగాను. "ఊఁ" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఏమీ అనలేదు. ఒక్కతే ఉందని అన్నాడన్నావు చూడు, ఆ మాట దగ్గర నా కోపం సగం చల్లారిపోయింది. మిగతా సగం అలాగే ఉంది, చెప్పకు.

పన్నుల జడ్జి అంటే ఒకచోట కూర్చునే ఉద్యోగమనుకున్నాను. కాలికి బలపం కట్టుకుని ఊరూరా తిరగాలని ఎవరూ చెప్పలేదు. మేమే జనం దగ్గరికి వెళ్ళి, దొరికిన హాల్లో బల్ల వేసుకుని కేసులు వినాలి. ఈ ఊళ్ళో మాకు ఇచ్చింది ఒక స్కూలు ఆడిటోరియం. నా వెనకాల తెర మీద కొండలూ సూర్యుడూ బొమ్మ వేసి ఉన్నాయి. సాక్షి ఒకాయన నాతో మాట్లాడుతూ ఆ సూర్యుడి వంకే చూశాడు.

మీ అమ్మగారు అడిగారుగా ఏం చేస్తానని, చెప్పు. ఇవాళ పొద్దుట్నుంచి సాయంత్రందాకా రంగులరాట్నం వాహనమా, కాదా అని విన్నాను. ఊరూరా రాట్నం పెట్టుకుని తిరిగే మనిషి ఒకాయన. మన వయసే ఉంటుంది. చెక్కగుర్రాలు ఆయనే చెక్కి, ఆయనే రంగులేస్తాడు. శాఖ వాళ్ళు నోటీసు పంపారు: నీ రాట్నం మనుషుల్ని ఎక్కించుకుని కదులుతుంది కాబట్టి అది ప్రయాణికుల వాహనం, ఆ లెక్కన పన్ను కట్టు అని. అది కడితే ఇక రాట్నం తిప్పడం దండగ, మూసేసుకోవడమే. ఆయన నిలబడి ఒక్కటే మాట అన్నాడు: "అమ్మా, నా బండి ఎక్కినచోటే దింపుతుంది. అది వాహనమెలా అవుతుంది?" హాలంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆయన లాయరొకడున్నాడు. ఫైలు పల్చన, గొంతు పెద్దది. మధ్యలో వాడు లేస్తేనే నాకు తలనొప్పి. తర్వాతి వాయిదా ప్రధాన కోర్టులోనే.

వదిన

*

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు
సెప్టెంబరు

వదినా,

నీ ఉత్తరంలో రాట్నం ముక్క వరకూ ఇంట్లో పైకి చదివాను, అదే నేను చేసిన పొరపాటు. ఇల్లు రెండు ముక్కలైంది. "ఎక్కినచోటే దింపేది వాహనమెలా అవుతుంది, బుద్ధి ఉండాలి" అన్నాను నేను. అన్నయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, "నీ స్కూలు కారు కూడా ఎక్కించుకున్నచోటే దింపుతుందిగా, అది కారు కాదా?" అన్నాడు. రోజంతా నోరు విప్పని మనిషి, విప్పితే ఇదీ వరస! నేను ముద్ద కిందపెట్టి లేచిపోయాను. అమ్మ అందర్నీ ఆపి, "పిల్లలు ఎక్కే గుర్రాల మీద పన్నేమిటి, పాపం కాదూ? కోడలితో నేను చెప్పానని చెప్పు, ఒప్పుకోవద్దని" అంది. చెప్పేశాను. నా పని అయిపోయింది.

నువ్వు ఎటు తేలుస్తావు? నాకొక్కదానికే చెప్పు. కడుపులో పెట్టుకుంటాను.

నీ ఆడపడుచు

*

క్వార్టర్స్
అక్టోబరు

బుడ్డీ,

ముందు ఒకటి. నడుస్తున్న కేసు మీద నాకు అభిప్రాయాలు రాయకు. అత్తయ్యగారివి కూడా. నేను ఎటు తేలుస్తానో నీకు చెప్పను, నా దిండుకి కూడా చెప్పను. నీ కడుపులో ఏ మాటైనా ఎంతసేపుంటుందో నాకు తెలుసు.

రెండోది. కొంప మునిగింది.

నిన్న రాట్నం కేసు వాయిదా. ఆ పెద్దగొంతు లాయరు నోటీసులోని ప్రతి మాటనీ పీకి పాకం పెడుతున్నాడు. "ప్రయాణికులు" అన్న మాట ఎందుకు వాడారు, ఎవరు వాడారు, ఏ ఉద్దేశంతో వాడారు. కుర్చీ అప్పటికే సగం దిగింది. నాకు విసుగెత్తిపోయింది. "మేము ఆ నోటీసు పంపినప్పుడు ప్రయాణికులు అని ఎందుకన్నామంటే" అని మొదలుపెట్టాను.

మేము! జడ్జి కుర్చీలో కూర్చుని! నోటీసు పంపింది శాఖ, నేను కాదు. శాఖ నుంచి వచ్చేసి ఎన్ని నెలలైంది! ఇన్నేళ్ళ అలవాటు, బుడ్డీ. నా నోటికి "మేము" అంటే శాఖే. శాఖ లాయరు నవ్వాపుకోలేక ఫైల్లో తల దూర్చాడు, వాడు నా దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడు. పెద్దగొంతు ఆయన మాత్రం మొట్టమొదటిసారి మెల్లగా మాట్లాడాడు: "మేము అంటే ఎవరు మేడమ్?"

నేను "శాఖ" అని దిద్దుకుని ముందుకి వెళ్ళిపోయాను. ఆ పూటకి వాయిదా వేసి లేచాను. రాట్నం ఆయన బెంచీ మీద అలాగే కూర్చుండిపోయాడు. ఇక అయిపోయిందని ఆయన ముఖంలోనే రాసుంది.

ఇవాళ పొద్దున్నే ఆ లాయరు పెద్దాయనకి ఫిర్యాదు ఇచ్చాడు. పెద్దాయనంటే మా కోర్టు ప్రధాన జడ్జి. ఈవిడ ఇంకా శాఖ మనిషే, ఈవిడ దగ్గర మాకు న్యాయం జరగదు అని. కౌన్సిల్‌కి కూడా ఒక నకలు పంపాడట. నాకు తిండి సహించడం లేదు.

వదిన

*

ఇల్లు
అక్టోబరు

వదినా,

నోరు అదుపులో పెట్టుకో అని నేను రాశానా, లేదా? రాశాను! నా మాట ఎవరు వింటారు ఈ ఇంట్లో? గోడకి చెప్పుకున్నా బాగుండేది.

సరే, అయిందేదో అయింది. పెద్దాయన ఏమన్నాడు? ఏదో ఒక దారి చెప్పే ఉంటాడు. ఆయనకి మాత్రం ఈ గొడవ కావాలా? వెంటనే రాయి. ఈ సంగతి అన్నయ్యకి చెప్పలేదు. కొత్తాయనకి అద్దాలు అరగదీయడం నేర్పిస్తూ మహా ఉషారుగా ఉన్నాడు. ఏనాడూ లేనిది నిన్న ఈల వేశాడు. ఆ ఈల వింటే నాకు ఏడుపొచ్చింది.

నీ ఆడపడుచు

*

క్వార్టర్స్
నవంబరు

బుడ్డీ,

దారి ఉంది. అదే నా బాధ.

పెద్దాయన నన్ను పిలిచి, ఆ రోజు వాదనల రికార్డు ముందు పెట్టాడు. అందులో "మేము" లేదు. "శాఖ ఆ నోటీసు పంపినప్పుడు" అని చక్కగా టైపు చేసి ఉంది. మా స్టెనో పనితనం. జడ్జీలు నోరు జారితే దిద్ది టైపు చెయ్యడం ఆవిడకి అలవాటట. నాకు ముందున్న జడ్జి నిండు కోర్టులో "ఆ వెధవ" అంటే, ఆవిడ "సదరు వ్యక్తి" అని కొట్టేదట. పాపం, నా మంచికే చేసింది. "మీరు తడబడ్డారు మేడమ్, నేను సరిచేశాను" అంది నాతో. కాఫీ కూడా తెచ్చిచ్చింది.

పెద్దాయన అన్నాడు: "రికార్డులో లేదు కాబట్టి మీరు అనలేదు. ఆ ముక్కే రాసి సంతకం పెట్టండి. ఫిర్యాదు కొట్టేస్తాను. కేసు మీరే తేల్చండి. కౌన్సిల్‌కి కూడా ఇదే వెళ్తుంది." కాగితం కూడా ఆయనే తయారు చేయించాడు. నా పేరు దగ్గర మాత్రం ఖాళీ.

అది నా బల్ల మీదే ఉంది. రోజూ పొద్దున్న ఇటు పక్క పెడతాను, సాయంత్రం అటు పక్క పెడతాను. నేను అన్నాను బుడ్డీ. అన్నానని హాలు మొత్తానికీ తెలుసు. అనలేదని సంతకం పెట్టి, అదే చేత్తో తీర్పు రాయాలి. ఆ తీర్పు ఎటైనా కానీ, దాని కింద అబద్ధం ఉంటుంది.

వదిన

*

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు, తలుపేసుకుని
నవంబరు

వదినా,

పెట్టు. సంతకం. పెట్టు.

నీకు బుద్ధుందా అసలు? పెద్దాయనే చెప్పాడు. రికార్డే చెప్తోంది. స్టెనో కాఫీ ఇచ్చి మరీ చెప్పింది. ఇంతమంది కలిసి నిన్ను ఒడ్డున పడేస్తుంటే మళ్ళీ నీళ్ళలో దూకుతానంటావేంటి? ఆ "సదరు వ్యక్తి" గారు హాయిగా రిటైరై పింఛను తీసుకుంటున్నాడుగా! ఆయనకి లేని పట్టింపు నీకెందుకు? ఒక్క మాట, "మేము"! ఎవడి కొంపా కూల్చలేదు, ఎవడి దగ్గరా లంచం తినలేదు. దీనికింత రాద్ధాంతమా?

ఇంకా చెప్పమంటావా? చెప్తాను, నువ్వు ఎలాగూ అడ్డం రాలేవు. నీకు "మేము" అంటే శాఖ అని రాశావే, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. మా ఇంటికి వచ్చి ఇన్నేళ్ళైంది. ఈరోజుకీ "మీ ఇంట్లో" అంటావు, "మీవాళ్ళు" అంటావు, "మీ అమ్మగారు" అంటావు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మమ్మల్ని కలుపుకుని "మేము" అనలేదు నువ్వు. ఆ మాట అంతా ఆ ఫైళ్ళకే ఖర్చుపెట్టేశావు. పోనీ అంటే అన్నావు, ఇప్పుడు ఆ మాట కోసమే మా అన్నయ్య చేతిలో ఉన్న షాపు పోయి, రేపు నీ దగ్గర ఉండబోయే ఇల్లూ పోవాలా? వాడు నీకోసం వదులుకున్నాడు. నీ నిజాయితీకి వాడెందుకు కట్టాలి?

కోపంగా ఉన్నాను. దిద్ది రాయను. ఇలాగే పంపుతున్నాను.

*

క్వార్టర్స్
నవంబరు ఆఖరు

బుడ్డీ,

నీ ఉత్తరం చదివి మంచం మీద కూర్చుండిపోయాను. నువ్వన్నది నిజం. "మీవాళ్ళు" అంటానని నాకే తెలియదు. కొత్త కోడలిగా భయపడుతూ అన్న మాట, అలాగే నోట్లో ఉండిపోయినట్టుంది. నా మనసులో మీరు ఎవరో పరాయివాళ్ళు కారు. ఈ ముక్క ఎదురుగా చెప్పమంటే నా వల్ల కాదు, అందుకని ఇక్కడే రాసేస్తున్నాను. నువ్వంటే నాకు ప్రాణం. ఇక దీని గురించి మళ్ళీ అడగకు.

సంతకం పెట్టలేదు.

నిన్న కోర్టులో అందరూ ఉండగా చెప్పేశాను. "పోయిన వాయిదాలో నేను 'మేము' అన్నాను. రికార్డులో తప్పు పడింది, దిద్దండి. ఈ కేసు నేను వినను, వేరే జడ్జికి పంపిస్తున్నాను" అని. స్టెనో చేతులు ఆగిపోయాయి. పెద్దగొంతు ఆయన లేచి, "ధన్యవాదాలు మేడమ్" అని కూర్చున్నాడు. పెద్దాయన సాయంత్రం వరండాలో ఎదురై, ముఖం తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఇక కౌన్సిల్ ఇష్టం.

మీ అన్నయ్యకి నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆఖరిదాకా విన్నాడు. తర్వాత "తిన్నావా?" అన్నాడు.

వదిన

*

ఇల్లు
డిసెంబరు

వదినా,

నీతో మాట్లాడను. ఇది ఉత్తరం కాదు, మాట్లాడనని చెప్పడానికి రాస్తున్నాను.

అమ్మ అడిగింది కాబట్టి చెప్తున్నా, కిటికీ తలుపు పడని ఆ గదుల్లో పడుకుని జలుబు తెచ్చుకోకు.

*

క్వార్టర్స్
మే

బుడ్డీ,

ఖాయం చేశారు. నిన్న కౌన్సిల్ ఉత్తర్వు వచ్చింది. పదవీ విరమణ దాకా నేను ఇక్కడే.

మీ అన్నయ్యకి చెప్పాను. అత్తయ్యగారికి నువ్వు చెప్పు.

వదిన

*

డ్రైవింగ్ స్కూలు, బయట మెట్ల మీద
మే

వదినా! వదినా!

మాట్లాడను అన్నది కొట్టేశాను, రికార్డులోంచి తీసెయ్!

పాఠం మధ్యలో ఆపేసి బ్యాంకు మేనేజర్ని నడిరోడ్డు మీద వదిలేసి వచ్చాను. అమ్మ మళ్ళీ వీధంతా తిరుగుతోంది. అన్నయ్య పెట్టె దింపాడు, బూజు దులిపాడు, మళ్ళీ పైన పెట్టాడు, మళ్ళీ దింపాడు. మతిపోయినట్టుంది. ఉత్తర్వులో ఏం రాశారో వాడు ఫోన్లో విని నాకు చెప్పాడు. "తన పొరపాటును తానే బహిరంగంగా ఒప్పుకున్న నిజాయితీని దృష్టిలో ఉంచుకుని" అని రాశారటగా! అంటే ఆ పిచ్చిపనే నిన్ను నిలబెట్టిందా? నేను నా తల గోడకేసి కొట్టుకోవాలా, నీ కాళ్ళ మీద పడాలా? ఆ నెలలన్నీ నిన్ను తిట్టుకుని తిట్టుకుని నా రక్తపోటు పెరిగింది. మందుల చీటీ నీకు పంపుతాను.

అయినా ఇంత మంచి కబురు అంత పొడిగా రాస్తావేంటి? చావుకబురు రాసినట్టు! ఆ రాట్నం ఆయన ఓడిపోయాడని పేపర్లో ఒక మూల పడింది, చూశాను. దాని గురించేనా? నువ్వు తప్పుకున్న కేసే కదా. ఓడించింది ఇంకో జడ్జి. నీకేం సంబంధం? పై కోర్టుకి వెళ్తాడు. నువ్వు హాయిగా ఉండు. పొడిగా ఉంటే ఊరుకోను, వచ్చి తంతాను.

నీ ఆడపడుచు

*

క్వార్టర్స్, కోర్టు అయ్యాక
జూన్

బుడ్డీ,

రికార్డులోంచి తీసేశాను.

దేనికి పొడిగా ఉన్నానని అడిగావు. కేసు అయిపోయింది, ఇప్పుడు చెప్తే తప్పు లేదు. తప్పున్నా చెప్తాను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఇది మాత్రం ఇంట్లో పైకి చదవకు.

నేను ఆ తీర్పు రాసేశాను. నోరు జారకముందే, టూరు నుంచి వచ్చిన వారంలోనే రాశాను. రాట్నం వాహనం కాదని రాశాను. శాఖ నోటీసు చెల్లదని, అందులోని ప్రతి మాటా తప్పేనని రాశాను. ఆ రోజు కోర్టులో విసుగొచ్చింది కూడా అందుకే. "మేము ప్రయాణికులు అని ఎందుకన్నామంటే, అలవాటుగా అనేశాం, అది తప్పు" అని చెప్పబోయాను. వాక్యం సగంలో ఆ లాయరు పట్టుకున్నాడు. ఆయన్ని గెలిపించబోతున్న జడ్జిని ఆయనే తోసేసుకున్నాడు!

సంతకం పెట్టుంటే రాట్నం ఆయన గెలిచేవాడు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. ఇంత తేలికైన కేసు ఇంకెవరైనా ఇలాగే తేలుస్తారులే అనుకున్నాను. కొత్త జడ్జి పక్కవాటాయనే. మనుషులు ఎక్కారు, కదిలింది, దిగారు, ఎంత దూరం వెళ్ళాలో చట్టంలో లేదు, కాబట్టి వాహనమే అని రాశాడు. చెడ్డవాడు కాదు. చదివాడు, అలా తోచింది, రాశాడు. నేను అది చదివి ఆయన తలుపు కొట్టడానికి మెట్ల దాకా వెళ్ళాను. వెళ్ళి ఏమంటాను? మళ్ళీ వచ్చేశాను.

నిన్న సాయంత్రం కోర్టు వరండాలో ఒకాయన నాకోసం నిలబడి ఉన్నాడు. రాట్నం ఆయన. ఏవో కాగితాలు తీసుకోవడానికి వచ్చాడట. రాట్నం విప్పేశాడు. గుర్రాలు ఒక్కొక్కటీ ఎవరెవరికో ఇచ్చేశాడట. పై కోర్టుకి వెళ్ళచ్చుగా అని అడగకూడదు నేను, అయినా అడిగేశాను. "ఇంక ఓపిక లేదమ్మా" అన్నాడు.

తర్వాత చేతులు జోడించాడు బుడ్డీ, నాకు! "మీరు ఆ రోజు అందరిముందూ ఒప్పుకున్నారు చూడండి, అలాంటి మనుషులు ఉండాలమ్మా" అన్నాడు. "ఓడిపోతే ఓడిపోయాం గానీ, మీ చేతిలో పడుంటే ఇంకా ఘోరంగా ఉండేదని మా లాయరు గారు చెప్పారు. మీరు తప్పుకోవడం మా అదృష్టమేనట" అన్నాడు.

ఏం చెప్పమంటావు? చెప్పడానికి వీల్లేదు. చెప్తే మాత్రం ఆయనకి ఏం మిగులుతుంది? అప్పుడు రాట్నం పోయింది, ఇప్పుడు ఆ కాస్త ఊరట కూడా పోతుంది. "జాగ్రత్తగా వెళ్ళండి" అన్నాను. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చాను. కోపంతో ఏడ్చాను. ఎవరి మీద కోపమో కూడా తెలియలేదు.

ఆ కాగితం మళ్ళీ ముందు పెట్టినా సంతకం పెట్టను. అది మాత్రం తెలుసు. పెట్టను, ఆయన మళ్ళీ ఓడిపోతాడు, నాకు మళ్ళీ మెచ్చుకోళ్ళు వస్తాయి. పొద్దున్నుంచీ అందరూ అభినందనలు చెప్తున్నారు. పెద్దాయన కూడా నవ్వుతున్నాడు. ఇంకో ఇరవై రెండు కేసులు బల్ల మీద ఉన్నాయి, రేపు పొద్దున్న మళ్ళీ వెళ్ళి కూర్చోవాలి.

మీ అన్నయ్యని పెట్టె దింపడం, ఎక్కించడం ఆపి బయల్దేరమను. ఏమీ అడగక్కర్లేదు, ఓదార్చక్కర్లేదు. ఎదురుగా కూర్చుని "ఊఁ" కూడా అనకపోయినా ఫర్వాలేదు. ఈ ఇంట్లో మనిషి కావాలి నాకు.

వదిన